యోబు నొద్దకు వచ్చిన రెండు ఆదరణలు: దుఃఖితుల మధ్య సంఘకాపరి మౌన పరిచర్య

మరణవార్త తెలిసి బయలుదేరిన సంఘకాపరి మనస్సులో దారి పొడవునా ఒకే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది: అక్కడికి వెళ్ళి ఏమి చెప్పాలి? ఏ వాక్యభాగము తెరవాలి? ప్రసంగ శాస్త్రము నేర్చుకొని పరిచర్యలోకి వచ్చినవారికి ఈ ప్రశ్న సహజమే. మన భాష కూడా దానికి తోడ్పడుతుంది. చావు జరిగిన ఇంటికి వెళ్ళడమును మనము "పలకరించడానికి వెళ్ళడం" అంటాము. పలకరింపులో పలుకు ఉన్నది. ఏమీ పలకకుండా తిరిగి వచ్చినవాడికి వెళ్ళిన పని కాలేదేమో అనిపిస్తుంది. ఇక సంఘకాపరి పలకకుండా వస్తే సంఘ పెద్దలు కూడా ఏమనుకుంటారో అన్న జంకు ఒకటి.

యోబు గ్రంథము ఈ ప్రశ్నను వేరొక వైపు నుండి చూపిస్తుంది. ఆ గ్రంథములో యోబును ఆదరించడానికి మనుష్యులు రెండుసార్లు వచ్చారు. ఒకసారి 2వ అధ్యాయములో, మరొకసారి చివరి అధ్యాయములో. మొదటి రాకను ఎరుగనివారు లేరు. రెండవ రాకపై ప్రసంగములు అరుదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడమే ఈ వ్యాసము ఉద్దేశము.

రెండు క్రియాపదములు

ఎలీఫజు, బిల్దదు, జోఫరు తమ తమ స్థలముల నుండి వచ్చిన ఉద్దేశమును గ్రంథకర్త రెండు హెబ్రీ క్రియాపదములతో చెప్పాడు (యోబు 2:11). మొదటిది 'నూద్'. దీనికి కదులుట, ఊగుట, అటూ ఇటూ ఆడుట అని మూలార్థము. కయీను దేశదిమ్మరిగా తిరిగాడని చెప్పిన చోట ఉన్నది ఈ ధాతువే. దుఃఖ సందర్భములో దానికి తల ఆడిస్తూ, శరీరమును ఊపుతూ ఎదుటివాని బాధలో పాలుపొందుట అని అర్థము. మన పల్లెల్లో శవము దగ్గర కూర్చున్న స్త్రీలు ముందుకూ వెనుకకూ ఊగుతూ ఏడవడము చూచినవారికి ఈ మాటను వేరుగా వివరించనక్కరలేదు. రెండవది 'నహమ్', అనగా ఓదార్చుట. మొదటి క్రియ శరీరమునకు సంబంధించినదనియు, అది ఓదార్పుకు ముందు నిలిచినదనియు గమనించవలెను.

ఆ ముగ్గురూ చేసినదానిని తక్కువ చేయకూడదు. వారు ముందుగా మాట్లాడుకొని, కలిసి బయలుదేరి వచ్చారు. దూరము నుండి చూచి యోబును గుర్తుపట్టలేక గట్టిగా ఏడ్చారు. బట్టలు చింపుకొన్నారు, తలలపై ధూళి చల్లుకొన్నారు. ఆ తరువాత ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు. అతని బాధ ఎంత గొప్పదో చూచినందువల్ల ఎవరూ ఒక్క మాట కూడా పలుకలేదని గ్రంథకర్త కారణముతో సహా చెప్పాడు (2:13). మాటలు దొరకక ఊరకున్నారని కాదు, బాధను చూచి ఊరకున్నారని.

మౌనమును మొదట భంగపరచినవాడు యోబు. యూదుల రబ్బీలు ఈ క్రమమును జాగ్రత్తగా గమనించారు. తల్మూదులోని మోయెద్ కతాన్ అను భాగములో, దుఃఖించువాడు నోరు తెరచువరకు ఓదార్చ వచ్చినవారు మాట్లాడరాదను నియమము ఉన్నది. దానికి వారు చూపిన ఆధారము యోబు మిత్రుల ఏడు దినములే. ఆ ఆచారము యూదుల ఇండ్లలో నేటికీ ఉన్నది. తరువాత ఆ ముగ్గురూ ఎంత తప్పిపోయినను, వారి మౌనము మాత్రము ఒక జనాంగమునకు మర్యాదగా నిలిచిపోయినది.

మాట ఎక్కడ దారి తప్పింది

3వ అధ్యాయములో యోబు తాను పుట్టిన దినమును శపించాడు. అతడు దేవుని దూషించలేదు. కాని ఆ మాటల తీవ్రత మిత్రులకు భరించరానిదైనది. అప్పటి నుండి 25వ అధ్యాయము వరకు వారు మూడు విడతలుగా మాట్లాడారు. నిర్దోషి ఎప్పుడైనా నశించాడా అని ఎలీఫజు మెల్లగా ప్రారంభించాడు (4:7). నీ దోషమునకు తగినదానికంటె దేవుడు తక్కువే విధించాడని జోఫరు అన్నాడు (11:6). అన్నిటికంటె క్రూరమైనది బిల్దదు మాట. నీ పిల్లలు పాపము చేసియుంటే దేవుడు వారిని ఆ పాపమునకే అప్పగించాడు అన్న భావముతో అతడు మాట్లాడాడు (8:4). పదిమంది పిల్లలను ఒకేనాడు పోగొట్టుకొన్న తండ్రితో అన్న మాట ఇది. 1:5 చదివిన పాఠకునికి ఇది ఇంకా లోతుగా గుచ్చుకొంటుంది. పిల్లల విందులు పూర్తి అయినప్పుడెల్ల, వారు హృదయములో పాపము చేసియుంటారేమో అని యోబు వేకువనే లేచి వారి కొరకు దహనబలులు అర్పించేవాడు. ఆ తండ్రి లోపల ఏ భయము ఉన్నదో, సరిగ్గా అక్కడే బిల్దదు పొడిచాడు. అతనికి ఆ సంగతి తెలియకపోవచ్చును. ఇంట్లోవారి మనస్సులో ఏ భయము దాగియున్నదో, ఏ మాట దానిని తాకుతుందో, పలకరించ వచ్చినవానికి సాధారణముగా తెలియదు. అందుకే తొందరపడి కారణములు చెప్పకూడదు.

వారెందుకు మాట్లాడారు? యోబే దీనికి జవాబు చెప్పాడు. మీరు నా ఆపదను చూచి భయపడుచున్నారు అన్నాడు (6:21). ఇది ఆదరణ పరిచర్యను గూర్చి పరిశుద్ధ గ్రంథములో ఉన్న అత్యంత నిశితమైన పరిశీలన అని నా అభిప్రాయము. నీతిమంతునికి ఇట్లు జరిగితే రేపు మాకును జరగవచ్చును. కనుక అతనిలో ఏదో దోషము ఉండితీరాలి, లేనియెడల మాకు నిద్ర పట్టదు. వారి సిద్ధాంతము యోబు కొరకు కాదు, తమ కొరకే. నిరాశలో ఉన్నవాని మాటలు గాలిలో కలిసిపోయేవి, వాటిని పట్టుకొని ఎందుకు గద్దిస్తారని కూడా యోబు అడిగాడు (6:26). దుఃఖములో ఉన్న తల్లి "దేవుడు లేడు" అన్నప్పుడు, అది విశ్వాస ప్రమాణము కాదు. దానిని సరిదిద్దవలసిన సమయము అది కాదు.

మన సంఘములలో వినబడే మాటలను ఈ వెలుగులో చూడవలెను. "దేవుడు తనకు నచ్చిన పువ్వును కోసుకున్నాడు." "ఇంకా ఇద్దరు పిల్లలున్నారు కదా, వాళ్ళ ముఖం చూసి ధైర్యం తెచ్చుకోండి." "ప్రార్థన తక్కువైంది." "ఇందులో కూడా ఏదో మేలు ఉంటుంది." చెప్పినవారు చెడ్డవారు కారు. ఎక్కువమంది ప్రేమతోనే చెప్తారు. అయినను పువ్వు మాట విన్న తల్లికి దేవుడు తన తోటలోకి చొరబడిన దొంగగా కనిపిస్తాడు. కడుపుకోత అన్న తెలుగు మాట పుట్టించినవారికి, ఇంకొక బిడ్డ ఉన్నంత మాత్రాన ఆ కోత మానదని తెలుసు. ప్రార్థన తక్కువైందన్న మాట బిల్దదు మాటకు నేటి రూపము.

42వ అధ్యాయములోని రాక

ఇప్పుడు చివరి అధ్యాయమునకు వద్దాము. యోబు సహోదరులు, సహోదరీలు, అంతకుముందు అతనిని ఎరిగినవారందరు అతని ఇంటికి వచ్చారు (42:11). 2వ అధ్యాయములోని ఆ రెండు క్రియలే, అదే వరుసలో, 'నూద్', 'నహమ్' మళ్ళీ వస్తాయి. గ్రంథకర్త ఊరకనే ఇట్లు రాసియుండడు. మొదటిసారి రావడానికి ఏ ఉద్దేశము చెప్పబడి నెరవేరలేదో, అది ఇక్కడ నెరవేరినట్లు చూపిస్తున్నాడు. వీరు ఏమి మాట్లాడారో ఒక్క మాట కూడా వ్రాయబడలేదు. వ్రాయబడినవి మూడు పనులు. అతని ఇంట అతనితో రొట్టె తిన్నారు. ఒక్కొక్కరు ఒక వెండి నాణెము ఇచ్చారు. ఒక్కొక్కరు ఒక బంగారు ఉంగరము ఇచ్చారు.

ఇక్కడ మూడు సంగతులు సులభముగా దాటిపోతాము. దేవుడు యోబు స్థితిని మరల బాగుచేసిన మాట 10వ వచనములోనే ఉన్నది. అయినను 11వ వచనములో అతనికి ఆదరణ అవసరమైనది. పశువులు రెట్టింపైనవి, కాని చనిపోయిన పదిమంది తిరిగి రాలేదు. తరువాత పుట్టినవారు వారికి బదులు కారు. రెండవది, ఈ బంధువులే అంతకుముందు అతనిని విడిచి దూరమైనవారు (19:13-14). ఆలస్యముగా వచ్చినను వారు వచ్చారు, యోబు వారితో భోజనము చేశాడు. మూడవది, ఆ ఆపద యెహోవా రప్పించినదే అని ఆ వచనము దాచకుండా చెప్తుంది. వచ్చినవారు దేవుని పక్షమున వాదించలేదు, సంజాయిషీ ఇవ్వలేదు.

చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించకపోవడము, ఇరుగుపొరుగువారు అన్నము వండి తెచ్చి బలవంతముగా రెండు ముద్దలు తినిపించడము మనకు తెలిసినదే. దీనిని లోకాచారమని తీసివేసే బోధకులున్నారు. 42:11 చదివిన తరువాత అట్లు తీసివేయడము కష్టము.

మార్తకు మాట, మరియకు కన్నీరు

మౌనమే ఆదరణ, మాట తప్పు అని దీని భావము కాదు. యోహాను 11వ అధ్యాయములో మార్త, మరియ ఒకరి తరువాత ఒకరు యేసును కలిశారు. ఇద్దరూ దాదాపు ఒకే వాక్యము పలికారు: నీవు ఇక్కడ ఉండి ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాడు (11:21, 32). అది విశ్వాసమా, నిష్ఠూరమా? రెండూ కావచ్చును. మార్త ఆ మాటతో ఆగలేదు, ఇంకా మాట్లాడింది. ఆమెతో యేసు పునరుత్థానమును గూర్చి, తనను గూర్చి మాట్లాడాడు, ప్రశ్న కూడా అడిగాడు. మరియ ఆయన పాదముల మీద పడి ఏడ్చింది. ఆమెకు ఆయన ఉపదేశము చేయలేదు. లాజరును ఎక్కడ పెట్టారని అడిగాడు, కన్నీళ్ళు విడిచాడు. ఒకే మాటకు ఇద్దరికి రెండు విధములైన జవాబు. ఎవరికి ఏది కావాలో ఆయన మాటను బట్టి కాదు, మనిషిని బట్టి గ్రహించాడు.

ఇంకొకటి. కొద్దిసేపటిలో లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు. పునరుత్థాన నిరీక్షణ ఉన్నవాడు ఏడవనక్కరలేదు అన్న వాదన నిలబడితే, ఆనాడు ఆయనకంటె ఏడవనక్కరలేనివాడు ఎవరు? 33వ వచనములో ఆయన ఆత్మలో కలవరపడిన సంగతికి వాడిన గ్రీకు క్రియలో కోపము యొక్క ఛాయ ఉన్నది. మరణమును ఆయన సహజమైనదిగా ఒప్పుకొని తల ఊపలేదు.

విశ్వాసులు ఏడవకూడదా?

1 థెస్సలొనీకయులకు 4:13 ఆధారముగా "మనము అన్యులవలె ఏడవకూడదు" అని శవము దగ్గర గద్దించడము కొన్ని చోట్ల అలవాటైనది. ఆ వాక్యనిర్మాణమును జాగ్రత్తగా చదవవలెను. పౌలు దుఃఖమునకు ఒక పోలిక చెప్పి, ఆ విధముగా దుఃఖించవద్దన్నాడు. నిరీక్షణ లేనివారి దుఃఖము ఒకటి, నిరీక్షణ ఉన్నవారి దుఃఖము మరొకటి. రెండూ దుఃఖములే. చావైతే లాభమని వ్రాసిన ఫిలిప్పీ పత్రికలోనే (1:21), ఎపఫ్రొదితు చనిపోయియుంటే తనకు దుఃఖము మీద దుఃఖము కలిగియుండేదని పౌలు వ్రాశాడు (2:27). స్తెఫను మరణించినప్పుడు భక్తిపరులు అతనిని సమాధిచేసి బిగ్గరగా ప్రలాపించారు (అపొ. 8:2). పెంతెకొస్తు తరువాతి సంఘము అది. పరలోకము తెరువబడుటను స్తెఫను చూచిన సంగతి వారికి తెలుసు. అయినను ఏడ్చారు.

ఈ ఒత్తిడి కొత్తది కాదు. క్రీ.శ. 387లో ఓస్తియా రేవు పట్టణములో మోనికా మరణించినప్పుడు ఆమె మనుమడు అదెయొదాతుసు బిగ్గరగా ఏడ్చాడు. చుట్టూ ఉన్నవారందరు ఆ బాలుని ఊరుకోబెట్టారు. ఆమె కుమారుడైన అగస్టీను కూడా కన్నీటిని బలవంతముగా ఆపుకొన్నాడు. అంత భక్తిగల స్త్రీ మరణమునకు ఏడవడము తగదని వారు తలంచారు. సమాధి దగ్గర కూడా అతడు ఏడవలేదు. బాధ పోతుందేమోనని స్నానశాలకు వెళ్ళాడు. పోలేదు. నిద్రించి లేచిన తరువాత, అంబ్రోసు రచించిన ఒక కీర్తన జ్ఞాపకము వచ్చి, ఒంటరిగా దేవుని యెదుట కన్నీళ్ళను వదిలివేశాడు. ఇదంతా తన "ఒప్పుకోలు" 9వ భాగములో అతడే వ్రాశాడు. ఆ బాలుని ఊరుకోబెట్టిన పెద్దలు ప్రతి సంఘములోను ఉన్నారు. చావు ఇంటిలో పిల్లలను పక్కింటికి పంపివేసి, "నాన్న ఊరెళ్ళాడు" అని చెప్పడము కూడా ఆ కోవలోనిదే.

మానసిక శాస్త్రమును గూర్చి ఒక్క మాట. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఐదు దశలను కొందరు బోధకులు దుఃఖించువారి మీద మెట్లవలె మోపుతున్నారు. ఆమె గ్రంథము మరణశయ్య మీద ఉన్న రోగులతో జరిపిన సంభాషణల నుండి పుట్టినది. 1999లో స్ట్రోబ్, షూట్ అను పరిశోధకులు ప్రతిపాదించిన వివరణ సంఘకాపరి అనుభవమునకు దగ్గరగా ఉంటుంది. దుఃఖించువాడు ఒక పూట పోగొట్టుకొన్నదాని వైపు, మరొక పూట మిగిలిన జీవితపు పనుల వైపు అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు. భర్త పోయిన నెలకే ఒక స్త్రీ పొలము పనికి వెళ్ళి నవ్వుతూ మాట్లాడితే ప్రేమ లేదని కాదు. ఆరు నెలలకు మరల కుప్పకూలితే విశ్వాసము లేదని కాదు.

మన సంఘములలో

యొప్పేలో పేతురు చేసినది మనకు మాదిరి. దొర్కా మరణించిన ఇంటికి అతడు రాగానే విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలు, వస్త్రములు ఒక్కొక్కటి చూపించారు (అపొ. 9:39). దుఃఖించువారు వస్తువులు చూపిస్తారు: చొక్కా, కళ్ళజోడు, ఫోనులోని ఫోటో. పేతురు వారిని ఆపి ప్రసంగము మొదలుపెట్టినట్లు లేదు. చూచాడు. ఆ తరువాతనే వారిని బయటికి పంపి మోకరించాడు.

ఇంటివారు చాప మీద కూర్చొనియుంటే సంఘకాపరి కుర్చీ కోరకుండుట మంచిది. చనిపోయినవారి పేరు పలకవలెను. ఎట్లు జరిగిందని వచ్చినవారందరు అడిగి అడిగి ఆ ఇంటివారిని అలసట పెడతారు, మనమూ అడగనక్కరలేదు. వారే చెప్తే పదిసార్లైనా వినవచ్చును. ప్రార్థన చిన్నదిగా ఉండవలెను. ప్రార్థన పేరుతో కన్నులు మూసుకొని ప్రసంగము చేయడము మనకు బాగా అలవాటు. వారు ప్రార్థించలేని స్థితిలో ఉంటే వారి తరపున మనము ప్రార్థించుట విశ్వాసములేమి కాదు. పక్షవాయువు గలవానిని మోసికొనివచ్చిన నలుగురి విశ్వాసమును యేసు చూచాడు (మార్కు 2:5). మాటలకు అందని మూలుగులతో ఆత్మ విజ్ఞాపన చేస్తున్నాడని పౌలు చెప్పినప్పుడు (రోమా 8:26), సంఘకాపరి మౌనమునకు కూడా ఆ ఆత్మలో చోటున్నది.

మన ఆదరణ కూడికలను గూర్చి నిర్మొహమాటముగా చెప్పవలసియున్నది. షామియానా, మైకు, వరుసగా పదిమంది వక్తలు. "రెండు మాటలు" అని లేచినవారు అరగంట మాట్లాడతారు. భార్యాబిడ్డలు ముందు వరుసలో ఎండకు ఉడుకుతూ కూర్చొనియుంటారు. నరకమును గూర్చిన హెచ్చరికకు ఇంతమంది అన్యులు మరల ఎప్పుడు దొరుకుతారని ఒకరు వాదిస్తారు. సువార్త చెప్పకూడదని నేననను. అయితే శవపేటికను సాక్ష్యముగా వాడుకొంటున్నారన్న భావన ఇంటివారికి కలిగితే, ఆ సువార్త వారికి సువార్తగా వినబడదు. పునరుత్థానమును గూర్చి లోతైన బోధ సంవత్సరమంతా ఆదివారములలో జరగవలెను. భూస్థాపన దినమున అది జ్ఞాపకము చేయబడితే చాలును.

నోరు తెరవవలసిన సందర్భములు లేకపోలేదు. కొన్ని క్రైస్తవ కుటుంబములలో కూడా భర్త పోయిన స్త్రీ గాజులు పగులగొట్టడము, ఆమెను శుభకార్యములకు దూరము పెట్టడము జరుగుతున్నది. ఆ ఘడియకు ముందే ఇంటిలోని పెద్ద స్త్రీలను పక్కకు పిలిచి మెల్లగా, స్థిరముగా వద్దని చెప్పవలసినవాడు సంఘకాపరి. ఆత్మహత్య జరిగిన ఇంటిలో మౌనము వేరే రూపము ధరిస్తుంది. అక్కడికి ఎవరూ వెళ్ళరు. సమాధి స్థలము ఇవ్వడానికి కూడా కొన్ని సంఘములు వెనుకాడతాయి. ఇది బాధను చూచి ఊరకున్న మౌనము కాదు, భయపడి తప్పుకొన్న మౌనము. అట్టి ఇంటికి సంఘకాపరి మొదట వెళ్ళవలెను, ఊరి వారందరు చూచునట్లు వెళ్ళవలెను. మిగిలినవారిలో ఎవరైనా తానును చనిపోవాలని మాట్లాడితే వైద్య సహాయము ఆలస్యము చేయరాదు. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా లభిస్తుంది. నెలలు గడిచినను తిండి, నిద్ర, పని ఏదీ దారికి రాని దుఃఖమును వైద్యులు ఇప్పుడు చికిత్స చేయదగిన స్థితిగా గుర్తిస్తున్నారు. వైద్యుని దగ్గరకు పంపుట ప్రార్థనకు వ్యతిరేకము కాదు.

జనము వెళ్ళిపోయిన తరువాత

యోబు బంధువులు ఇచ్చిన నాణెము, ఉంగరము మన పరిచర్యలో ఏ రూపములో ఉంటాయి? పోస్టుమార్టము గది బయట గంటల తరబడి ఇంటివారితో నిలబడుట. సమాధి త్రవ్వించుట. మరణమును 21 దినములలోగా నమోదు చేయించవలెనని చట్టము. ఆ కాగితములకు అక్షరము రాని తల్లితో పంచాయతీ కార్యాలయమునకు వెళ్ళుట. వితంతు పింఛను దరఖాస్తు, బ్యాంకు ఖాతా, పిల్లల ఫీజు. వీటిని "సంఘసేవ" అని వేరుగా ఉంచి, వాక్యము చదువుటను మాత్రమే ఆదరణ అనుట 42:11కు సరిపడదు.

2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వల్ల మరణించినవారి కుటుంబములు ప్రతి సంఘములోను ఉన్నాయి. ముఖము చూడనివ్వలేదు. పలకరించ వచ్చినవారు లేరు. అన్నము తెచ్చినవారు లేరు. కొందరికి భూస్థాపన ప్రార్థన కూడా ఫోనులోనే జరిగింది. వారి దుఃఖమునకు జరగవలసిన కూడిక ఇంకా జరగలేదు. ఇన్ని సంవత్సరముల తరువాత వెళ్ళి ఏమి లాభము అనుకొనుటకు ముందు, 19వ అధ్యాయములో దూరమై 42వ అధ్యాయములో వచ్చిన ఆ బంధువులను జ్ఞాపకము చేసికొనవలెను.

సంఘ కార్యాలయములో బాప్తిస్మముల పుస్తకము, వివాహముల పుస్తకము ఉన్నవి. సమాధుల పుస్తకము కూడా ఉన్నది, కాని దానిలో సమాధి చేసిన తేదీ తరువాత ఏమీ ఉండదు. ఆ పేరు పక్కన మరికొన్ని గీతలు గీసికొనవచ్చును: నలుబదవ దినము, చనిపోయినవారి పుట్టినరోజు, పెండ్లిరోజు, మొదటి క్రిస్మసు, సంవత్సరీకము. ఆ దినములలో ఎవరు వెళ్ళారో, ఎంతసేపు కూర్చున్నారో వ్రాసికొనవచ్చును. ఏమి మాట్లాడారో వ్రాయుటకు గడి అవసరము లేదు.